గ్రోషును పిసికేవాడు

పోలిష్ భాషలో పిసినారిని ‘దుషిగ్రోష్’ అంటారు. ‘దుషిచ్’ అంటే గొంతు నులమడం, గట్టిగా అదమడం. ‘గ్రోష్’ అంటే చిల్లర నాణెం. కాబట్టి చేతిలోని నాణేన్ని ఊపిరాడకుండా పట్టుకున్నవాడని ఈ సమాసానికి అర్థం. ఎంగిలి చేత్తో కాకినైనా తోలడని అమలాపురంలో మేము చెప్పుకునే మనిషే అతడు.

ఇప్పుడు వంద గ్రోషులైతే గానీ పోలండు ద్రవ్యమైన జ్వోతి ఒకటి కాదు. అయినా ఆ పేరు పుట్టుక అల్పమైనది కాదు. లాటిన్‌లో ‘గ్రోసుస్’ అంటే మందమైనదని అర్థం. దేనారాలనే పలుచని నాణేల నడుమ మందంగా ఉన్న వెండి నాణేనికి అది పేరైంది. 1300లో బొహీమియా (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) రాజు రెండవ వాత్స్లావ్ ప్రాగ్ గ్రోషును ముద్రింపజేయగా, పద్నాలుగో శతాబ్దంలోనే పోలండులో మూడవ కజిమీర్ తన గ్రోషును తెచ్చాడు.

క్రియ ముందు, కర్మ తరువాత రావడం మన చెవికి వింతగా తోస్తుంది. తెలుగులో అయితే ‘పైసా పిసుకుడు’ అనవలసి వచ్చేది. మన ‘పేరాశ’లో నాణెమూ లేదు, చేయీ లేదు, పెద్దదనే అర్థమిచ్చే ‘పేరు’కు సంస్కృతపు ‘ఆశ’ చేరింది, అంతే.

పిసినారికి వారు వాడే మాటల్లో నాకు మరింత నచ్చినది ‘లిచిక్రూపా’, అంటే దంచిన ధాన్యపు పలుకులను లెక్కపెట్టేవాడు. నూకలను కూడా కొలిచి పెట్టే ఇళ్లను చూసిన డెల్టావాసికి ఆ మాటను అనువదించి చెప్పవలసిన పనే లేదు.