స్పిండిల్ వణుకు: ఈ నెల ఎంతవరకు వచ్చింది

ఇత్తడి నేమ్‌ప్లేట్లలో అక్షరాల అంచులు అలలు అలలుగా వస్తుండడంతో ఈ నెలంతా స్పిండిల్ (కట్టర్‌ను పట్టి తిప్పే మోటారు) బ్యాలెన్సింగ్, అంటే దాని బరువు అక్షం చుట్టూ సమానంగా ఉండేలా చేసే పని మీదే కూర్చున్నాను. నల్గొండలో మా ఇంటి వెనక షెడ్డులో ఉన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్‌తో నడిచే చెక్కే యంత్రం) ఇది: 2.2 కిలోవాట్ల స్పిండిల్, ఈఆర్20 కొలెట్ (కట్టర్‌ను బిగించి పట్టే చీలికల గొట్టం), గరిష్ఠం 24,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు).

మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఫిట్టర్‌గా చేసే మా బావ బ్లోవర్ రెక్కలకు వాషర్లు బిగించి వణుకు తీస్తాడు. సూత్రం ఒకటే. కాకపోతే ఒక పక్క ఎక్కువైన బరువు (అన్‌బ్యాలెన్స్) బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 1,500 ఆర్‌పీఎంలో పట్టించుకోనక్కర్లేని అన్‌బ్యాలెన్స్, 24,000 దగ్గర 256 రెట్లు లాగుతుంది. ఆ వేగంలో జీ2.5 అనే బ్యాలెన్సింగ్ నాణ్యత గ్రేడ్ కిలో బరువుకు సుమారు 1 గ్రాము-మిల్లీమీటరే ఒప్పుకుంటుంది. అంటే కిలో బరువు కేంద్రం ఒక్క మైక్రాన్ జరిగితే చాలు, కోటా అయిపోయినట్టే. అందుకే "బామ్మర్దీ, ముందు సాఫ్ చెయ్, తర్వాతనే వజన్ పెట్టు" అన్న బావ మాట బంగారం. టేపర్ (కొలెట్ కూర్చునే వాలు రంధ్రం), కొలెట్, నట్టు కిరోసిన్‌తో కడిగాను. కొలెట్‌ను కొంచెం కొంచెం తిప్పి బిగిస్తూ, డయల్ ఇండికేటర్‌లో రనౌట్ (తిరిగేటప్పుడు అక్షం నుంచి పక్కకు జరగడం) అన్నిటికంటే తక్కువ చూపిన చోట గీత పెట్టాను. వణుకు చాలావరకు అక్కడే పోయింది.

మిగిలినదానికి లేత్ మీద అల్యూమినియం రింగు చేయించి, వేడిచేసి నట్టుకు తొడిగాను. 20 మి.మీ. వ్యాసార్థంలో, 30 డిగ్రీలకొకటి చొప్పున 12 ఎం3 (3 మి.మీ.) మర రంధ్రాలు. ఆ రంధ్రాలు అక్షానికి సమాంతరంగానే ఉండాలి. బయటివైపుకు తిరిగి ఉంటే గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) బుల్లెట్‌లా వస్తుంది. థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు), ముందు పాలికార్బొనేట్ షీటు తప్పనిసరి.

సెన్సర్‌గా ముందు బేరింగ్ దగ్గర అంటించిన పీజో బిళ్ళ (వణుకును కరెంటు సిగ్నల్‌గా మార్చేది), ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వణుకుందో విడదీసి చూపే లెక్క). వీఎఫ్‌డీని (స్పిండిల్ వేగాన్ని మార్చే పెట్టె) 210 హెర్ట్జ్‌లో పెట్టాను. 200లో పెడితే 50 హెర్ట్జ్ కరెంటు హమ్ నాలుగో రెట్టు కూడా అక్కడే కలుస్తుంది.

స్పిండిల్ వేగం దగ్గర వణుకు రీడింగ్ మొదట 8 ఉంది. అవుసులాయన కాంటా మీద తూచిన 0.1 గ్రాము స్క్రూను 0, 120, 240 డిగ్రీల్లో పెడితే 4.5, 9.5, 11.4 వచ్చాయి. కాగితం మీద 8 వ్యాసార్థంతో వృత్తం గీసి, దానిమీది ఆ మూడు బిందువుల నుంచి ఈ మూడు కొలతలతో చాపాలు గీస్తే, అవి కేంద్రానికి 4 దూరంలో, 20 డిగ్రీల దగ్గర కలిశాయి. 8ని 4తో భాగిస్తే 2. కాబట్టి కావలసింది 0.2 గ్రాములు, 20 డిగ్రీల దగ్గర. అక్కడ మర రంధ్రం లేదు గనుక 0 దగ్గర 0.07, 30 దగ్గర 0.14 గ్రాములు పెట్టాను. రీడింగ్ 1.5కు దిగింది. ఫేజ్ మీటర్ (బరువు ఏ కోణంలో ఎక్కువుందో నేరుగా చూపేది) లేకుండా ఇంత దగ్గరికి రావడం నాకెంతో ఆనందం.

నట్టు విప్పి బిగిస్తే కోణం మారుతుంది కాబట్టి గీతకు గీత కలిపి, టార్క్ రెంచ్‌తోనే బిగిస్తున్నాను. తర్వాతి పని సింగిల్ ఫ్లూట్ (ఒకే అంచున్న) కట్టర్. దాని ఆకారంలోనే అన్‌బ్యాలెన్స్ ఉంది, దానికి వేరే నట్టు, వేరే రింగు కావాలి.