బాబాయ్ ఊదిన గాలి

పొద్దున్నే బాబాయ్‌ని తీసుకుని కొత్తపేట వెళ్లాను. పరగడుపున రమ్మన్నారు కాబట్టి కాఫీ లేదు, సోంపు అసలే లేదు. నోట్లో సోంపు లేకుండా బాబాయ్ గడప దాటి చాలా కాలమైంది. మిర్చి యార్డులో మాట్లాడేటప్పుడు కండువా నోటికి అడ్డం పెట్టుకుంటే, ఘాటుకేమో అనుకునేవాళ్లు అందరూ. ఇంట్లోవాళ్లకు సంగతి తెలుసు. తెలిస్తే మాత్రం మొహం మీద ఎవరం చెబుతాం? పిన్ని ఒక్కతే చెప్పింది, అదీ పోట్లాటలో.

ముందు పళ్ల డాక్టరు దగ్గరికే వెళ్లాడు. నోటి వాసన చాలామందికి నాలుక మీది పాచి వల్లో, చిగుళ్ల జబ్బు వల్లో వస్తుందట. క్లీనింగ్ చేయించినా తగ్గలేదు. పైగా కడుపుబ్బరం, పులితేన్పులు. అక్కడినుంచి గ్యాస్ డాక్టరు దగ్గరికి, ఇవాళ్టి పరీక్షకి. కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందేమో చూడాలట.

సంచీలోకి ఊదమన్నారు. అలవాటు కొద్దీ బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "చెయ్యి తీసెయ్యండి సార్, గట్టిగా ఊదండి" అంది నర్సమ్మ. పాపం, ఆ మాట ఆయనతో ఎవరూ అని ఉండరు. తర్వాత యూరియా కలిపిన మందు తాగించి, అరగంట ఆగి మళ్లీ ఊదించారు. ఈ బ్యాక్టీరియా యూరియాని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. ఆ అమ్మోనియాతో చుట్టూ ఉన్న యాసిడ్‌ని విరగ్గొట్టుకునే కడుపులో బతుకుతుంది. మందులో గుర్తు పెట్టిన కార్బన్ ఊపిరిలో బయటపడితే అది ఉన్నట్టే.

ఆ అరగంటలో బ్యారీ మార్షల్ కథ చెప్పాను. అల్సర్‌కి కారణం టెన్షన్, కారం అని అందరూ అంటున్న రోజుల్లో, 1984లో, ఆ ఆస్ట్రేలియా డాక్టరు ఈ బ్యాక్టీరియాని తనే తాగేశాడు. కొద్దిరోజులకే వాంతులు, నోటి దుర్వాసన. 2005లో రాబిన్ వారెన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

"మరి మనకేమిస్తార్రా?" అన్నాడు బాబాయ్.

బ్యాక్టీరియా ఉన్నట్టే తేలింది. యాంటీబయాటిక్స్ ఇచ్చారు, 14 రోజులు. ఇది పోతే వాసనా పోతుందని రాసివ్వలేనని, కొందరికి తగ్గుతుందని డాక్టరు ఉన్నమాట చెప్పాడు. నాకది నచ్చింది. కోర్సు అయ్యాక నెలరోజులు ఆగి మళ్లీ ఊదాలట. "సీజన్లో యార్డు వదిలి ఎవడొస్తాడు?" అని బాబాయ్ అప్పుడే బేరం మొదలెట్టాడు. నేను లాక్కొస్తానంది పిన్ని.