ఎండ పడుతూనే ఉంది, గింజగా మారేదెంత?

సాగు కాలమంతా ఒక చేను మీద పడిన సౌరశక్తిలో బాగా పండిన వరి నిలుపుకునేది నూటికి ఒకటి పై చిల్లర. అందులో గింజలోకి చేరేది ఇంకా సగమే. దిగుబడి తగ్గిందంటే ముందు ఎరువు బస్తాలు లెక్కపెడతాం గానీ, పైరుకు అసలు ముడిసరుకు వెలుతురు. ఆ లెక్క ఒక్కసారి వేసి చూస్తే నష్టం ఏ దశలో జరిగిందో తెలిసిపోతుంది.

ముందు, మన చేతిలో లేని నష్టాలు. సూర్యరశ్మి శక్తిలో సుమారు సగమే ఆకుకు పనికొస్తుంది. అది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే వెలుతురు, దాన్నే పార్ అంటారు. ఆకు కార్బన్ పట్టుకునే తీరును బట్టి పైర్లను ముఖ్యంగా సి3, సి4 అని విడదీస్తారు. వరి, గోధుమ, సోయా లాంటి సి3 పైర్లలో రుబిస్కో అనే ఎంజైము కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను కూడా పట్టుకుంటుంది. ఆ పొరపాటును సరిచేసుకోవడానికి ఆకు శక్తి ఖర్చుపెట్టాలి, అప్పటికే పట్టుకున్న కార్బన్‌లో కొంత వదులుకోవాలి. వేడి పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. మొక్కజొన్న, జొన్న, చెరకు లాంటి సి4 పైర్లు రుబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్‌ను గాఢంగా నింపి దీన్ని దాదాపు తప్పించుకుంటాయి. అందుకే మొత్తం సౌరశక్తిలో సిద్ధాంతపరంగా గరిష్ఠ పరిమితి సి3కి 4.6 శాతం, సి4కి 6 శాతం అని లెక్కకట్టారు. చేలో ఆ దరిదాపులకు రావడం అరుదు.

ఇక చేతిలో ఉన్నవి. దిగుబడి అంటే నాలుగు అంకెల గుణకారం: పడిన వెలుతురు (దాని శక్తిని మెగాజౌళ్లలో కొలుస్తారు), అందులో ఆకులు పట్టుకున్న వంతు, పట్టుకున్న ప్రతి మెగాజౌల్‌కు తయారైన ఎండు పదార్థం, అందులో గింజ వాటా. ఈ ఆలోచనకు గట్టి పునాది వేసినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ మాంటీత్. ఆరోగ్యంగా ఉన్న పైరు పట్టుకున్న మొత్తం సౌరశక్తిలో మెగాజౌల్‌కు సుమారు 1.4 గ్రాముల ఎండు పదార్థం తయారుచేస్తుందని 1977లో బ్రిటన్ పంటల మీద చూపించాడు.

వరికి ఒక ఉదాహరణ వేద్దాం. రోజుకు చదరపు మీటరుకు 20 మెగాజౌళ్ల ఎండ, అంటే 10 మెగాజౌళ్ల పార్. పొలంలో 110 రోజులు. మొదటి 30 రోజులు పైరు సగటున పావు వంతే పట్టుకుంటుందనుకుంటే దక్కేది 75. తర్వాతి 20 రోజులు 70 శాతం, అది 140. చేను పూర్తిగా కమ్ముకున్న 50 రోజులు 92 శాతం, 460. ఆకులు పండిపోతున్న చివరి 10 రోజులు 60 శాతం, 60. మొత్తం 735 మెగాజౌళ్ల పార్. పార్ మెగాజౌల్‌కు 2.2 గ్రాముల చొప్పున దాదాపు 1,617 గ్రాముల ఎండు పదార్థం. సగం గింజ అనుకుంటే 808 గ్రాములు, అంటే 14 శాతం తేమతో హెక్టారుకు 9.4 టన్నుల వరకు. ఇది నీరు, నత్రజని కొరత లేని, తెగులు సోకని చేను లెక్క.

ఇందులో నా కళ్లు ఎప్పుడూ ఆగేది మొదటి నెల దగ్గరే. 300 మెగాజౌళ్లలో 225 వట్టి నేల మీద పడ్డాయి. అదే చేను కోత తేదీ మారకుండా వారం ముందే కమ్ముకుంటే అదనంగా దక్కే పార్ సుమారు 60 మెగాజౌళ్లు, ఎండు పదార్థం 130 గ్రాములు. అదంతా గింజగా మారుతుందని హామీ లేదు. వెన్నులో గింజల సంఖ్య కూడా పెరిగితేనే ఆ పిండిపదార్థానికి చోటు ఉంటుంది. అయినా ఇంత తక్కువ ఖర్చుతో అందే వెలుతురు ఇంకో దశలో లేదు: సరైన మొక్కల సాంద్రత, ఖాళీలు లేకుండా మొలక, లేత నారు, తొలి దశలో అందే నత్రజని, కలుపు లేకపోవడం. కలుపు కూడా ఆకే, కానీ అది పట్టుకున్న వెలుతురు మనది కాదు.

ఎడం ఎంత ఉండాలన్నది ఆకు వాలును బట్టి మారుతుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. నేల విస్తీర్ణానికి మూడు రెట్లు ఆకు ఉన్నప్పుడు, ఆకులు అడ్డంగా పరుచుకునే పైరు 88 శాతం వెలుతురు పట్టుకుంటే, నిటారు ఆకుల పైరు 70 శాతమే పట్టుకుంటుంది. కాబట్టి నిటారు ఆకుల రకాన్ని వెడల్పు సాళ్లలో వేస్తే తొలి దశలో నష్టమే. ఆకు ఐదు రెట్లకు చేరాక మాత్రం ఆ రకమే మేలు. సి3 పైర్లలో పైన ఉన్న ఒక్కో ఆకు నిండు ఎండలో సగం దాటేసరికి తృప్తిపడిపోతుంది, మిగిలింది వేడిగా వదిలేస్తుంది. నిటారు ఆకులు ఆ మిగులును కింది ఆకులకు పంచుతాయి.

చేను బాగా లేనప్పుడు తప్పు ఎక్కడుందో చెప్పేది కొలతే. మధ్యాహ్నం 11 నుంచి 1 మధ్య, మబ్బు లేనప్పుడు, మీటరు పొడవున్న పార్ సెన్సార్ కర్రను ఆకుల పైన ఒకసారి, నేల దగ్గర సాళ్లకు ఏటవాలుగా ఐదారు చోట్ల పెట్టి చదవాలి. కింది సగటును పైదానితో భాగించి ఒకటిలోంచి తీసేస్తే పట్టుకున్న వంతు వస్తుంది. లక్స్ మీటరు వాడితే మోసపోతాం: ఆకు వదిలేసే ఆకుపచ్చ వెలుతురుకే అది ఎక్కువ విలువ ఇస్తుంది కాబట్టి కింద ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. రెండు మూడు వారాలకోసారి గట్టు వారగా కాకుండా లోపల చదరపు మీటరు పైరును నేల మట్టానికి కోసి, 70 డిగ్రీల వేడిలో బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టి తూచాలి. రాలిన ఆకులనూ కలపాలి, లేదంటే చివరి దశలో పైరు పని మానేసినట్టు కనిపిస్తుంది.

వెలుతురు పట్టుకున్నది తక్కువైతే సాంద్రత, తొలి ఎదుగుదల చూడాలి. పట్టుకున్నది సరిగ్గానే ఉండి ఎండు బరువు తగ్గితే ఆకులో నత్రజని చాలలేదు, లేదా నీటి ఎద్దడికి పత్రరంధ్రాలు మూసుకున్నాయి, లేదా తెగులు. ఈ రెండూ బాగుండి గింజే తక్కువైతే పూత దశను అనుమానించాలి. వరి పూత సమయంలో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు పెరుగుతుంది. పూతకు ముందు రోజుల్లో మబ్బు పట్టినా గింజల సంఖ్య పడిపోతుంది. అక్కడ మళ్లీ యూరియా వేస్తే వచ్చేది అదనపు ఆకు, నీడ, ఆపైన చేను పడిపోవడం.

పైర్లను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు గ్రాములు ఒక్కటే చూడకూడదు. ఒక గ్రాము గ్లూకోజ్‌తో 0.83 గ్రాముల పిండిపదార్థం వస్తే, మాంసకృత్తులు 0.4 గ్రాములే, నూనె 0.33 గ్రాములే వస్తాయి. వేరుశనగ బరువులో మొక్కజొన్నకు తగ్గడంలో ఈ లెక్కకూ పెద్ద వాటా ఉంది.