కారా కణాన్ని తట్టి చూస్తే: ఈ సార్వా మైక్రోస్కోప్ లాగ్

కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయని బడిలో చదివాం, బొమ్మలు గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అందులో ఎంత భాగాన్ని ఇంట్లో ఉన్న మామూలు మైక్రోస్కోప్‌తో, మన కంటితో మనం చూడగలం? ఈ సార్వా (ఖరీఫ్ వరి) సీజన్‌కి నేను పెట్టుకున్న పని ఇదే, ముఖ్యంగా చేలల్లో పెరిగే కారా అనే నాచు మీద. నాట్లప్పటి నుంచి ఇప్పటిదాకా తేలింది ఇక్కడ రాసి పెడుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, కబురు కనపడదు. కబురు అందాక కణం ఏం చేస్తుందో అది కనపడుతుంది. దేని కోసం వెతకాలో తెలిశాక పని చాలా సులువైంది.

సామాను

నాది అంబాలాలో తయారైన స్టూడెంట్ మైక్రోస్కోప్. 4, 10, 40 రెట్ల ఆబ్జెక్టివ్‌లు, 10 రెట్ల ఐపీస్, కింద ఎల్ఈడీ బల్బు. 100 రెట్లది కూడా ఇచ్చారు గానీ దానికి నూనె చుక్క వేయాలి, మందంగా ఉండే బతికున్న వస్తువుల మీద దానితో పెద్ద పని లేదు. డబ్బా మీద 1200 రెట్లు అని రాసి అమ్మే ప్లాస్టిక్ బొమ్మల జోలికి మాత్రం పోకండి. నా 40 ఆబ్జెక్టివ్ మీద 0.65 అని ఒక అంకె ఉంటుంది. దాన్ని బట్టి లెక్క వేస్తే, సుమారు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకే చుక్కలా కలిసిపోతాయి. ఆ పైన రెట్లు ఎంత పెంచినా మసకే పెద్దదవుతుంది తప్ప కొత్త వివరం రాదు.

కొలతల కోసం ఐపీస్ ఫీల్డ్ నంబర్ చూసుకోండి. నాది 18. దాన్ని ఆబ్జెక్టివ్ రెట్లతో భాగిస్తే కనిపించే గుండ్రటి మేర ఎంతో వస్తుంది: 10తో చూస్తే 1.8 మి.మీ., 40తో చూస్తే 0.45 మి.మీ. కింద రాసిన వేగాలన్నీ ఈ అంకెల మీద, ఫోన్‌లో తీసిన వీడియో మీద ఆధారపడి వేసినవే.

రంగులకి కష్టపడక్కర్లేదు. మిథిలిన్ బ్లూ అక్వేరియం షాపులో దొరుకుతుంది, అయోడిన్ బదులు మెడికల్ షాపులో అమ్మే పొవిడోన్ అయోడిన్‌లో నీళ్లు కలిపి వాడొచ్చు. ఉల్లిపొర, బుగ్గ లోపలి కణాలు వీటితో చూశాను. కేంద్రకం చక్కగా తేలుతుంది. కానీ అలా రంగు పట్టిన కణం దాదాపు ఎప్పుడూ చచ్చిన కణమే, దానితో ఇక కబుర్లేముంటాయి! అందుకే ఆ స్లైడ్లు పక్కన పెట్టేసి, రంగు అక్కర్లేకుండా బతికుండగా చూడగలిగే మొక్కల మీద పడ్డాను.

రియో ఆకు

ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకి ప్రాక్టికల్ పరీక్షలో ఈ ఆకు గుర్తుండే ఉంటుంది. పైన ఆకుపచ్చ, కింద వంకాయ రంగు. కడియం నర్సరీల్లో ఎక్కడైనా ఉంటుంది. ఆకుని అడ్డంగా విరిచి మెల్లగా లాగితే కింది వైపు పలచటి పొర ఊడొస్తుంది. ఆ ఊదా రంగు ఉన్నది రిక్తికలో, అంటే కణం మధ్యలో ఉండే నీటి సంచిలో. కాబట్టి ఏ రంగూ వేయకుండానే కణం లోపలి భాగం ఎంత మేర ఉందో తెలిసిపోతుంది.

100 మి.లీ. నీళ్లలో 5 గ్రాముల ఉప్పు కలిపి, కవర్‌స్లిప్ ఒక అంచున చుక్క వేసి, రెండో అంచున టిష్యూ కాగితంతో పీల్చాలి. చూస్తుండగానే ఊదా రంగు మూలల నుంచి వెనక్కి జరిగి ముద్ద కడుతుంది. గోడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మంచినీళ్లు పంపితే ముద్ద మళ్లీ విచ్చుకుంటుంది, మరీ ఆలస్యం చేయకపోతేనే సుమా. కణానికి గోడ వేరు, పొర వేరు అన్న సంగతి ఇంత స్పష్టంగా చూపించేది ఇంకొకటి లేదు. ఆ కణపొర మందం 7, 8 నానోమీటర్లు (నానోమీటరంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు), అది మనకి కనపడే ప్రశ్నే లేదు. మనం చూసేది రంగు ఆగిపోయిన చోటు.

ముద్ద వెనక్కి జరిగినప్పుడు స్లైడ్ కింద కండెన్సర్ దగ్గర వెలుతురు తగ్గించే డయాఫ్రం బాగా మూసి, ఫోకస్ ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ చూడండి. ముద్ద నుంచి గోడ దాకా సన్నటి తీగలు లాగినట్టు లీలగా కనిపిస్తాయి. వీటిని హెక్ట్ తీగలు అంటారు. పొర కొన్నిచోట్ల గోడని వదలకుండా పట్టుకునే ఉంటుందనడానికి ఇవి గుర్తు. పక్క కణంలోకి దారి తీసే ప్లాస్మోడెస్మేటా అనే సన్నటి సొరంగాలు ఆ గోడలోనే ఉంటాయి. వాటి అడ్డుకొలత సుమారు 50 నానోమీటర్లు, అంటే నా లెన్సు విడదీయగలిగే దూరంలో పదో వంతు. చక్కెర, అయాన్లు, చిన్న చిన్న సంకేత అణువులు వాటిలోంచే ఇటు నుంచి అటు పోతుంటాయి. ఆ సొరంగాల కోసం వెతికి కళ్లు పాడుచేసుకోవద్దు.

ఊడదీసిన అదే ఆకు పొరలో ఊదా కణాల మధ్య ఆకుపచ్చగా జంటజంటలుగా కనిపించేవి పత్రరంధ్రాల రక్షక కణాలు. ఎండలో ఉన్న ఆకు నుంచి పొద్దున్న తీసిన పొరలో చాలావరకు తెరుచుకుని ఉన్నాయి. రాత్రి నుంచి అట్టపెట్టె బోర్లించి ఉంచిన ఆకులో చాలావరకు మూసుకుని ఉన్నాయి. వెలుతురు తగలగానే ఆ కణాలు ప్రోటాన్లని బయటికి తోస్తాయి, పొటాషియం లోపలికి వస్తుంది, దాని వెంట నీరు వస్తుంది, కణం ఉబ్బి రంధ్రం తెరుచుకుంటుంది. మొక్కకి నీళ్లు చాలనప్పుడు ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను వచ్చి ఇదే వరసని వెనక్కి తిప్పుతుంది.

హైడ్రిల్లా

దీని గురించి క్లుప్తంగా చెబుతాను, ఇంటర్నెట్ నిండా దీని వీడియోలే. లేత ఆకు ఒకటి గిల్లి నీటిచుక్కలో పెట్టి చూస్తే హరితరేణువులు కణం గోడ వెంబడి వరసగా తిరుగుతుంటాయి. తిరగకపోతే టేబుల్ లైటు కింద పావుగంట ఉంచితే కదులుతాయి. నేను కొలిచిన కణాల్లో సెకనుకి 5 మైక్రాన్ల దగ్గర వచ్చింది.

అయితే ఒక మాట. హైడ్రిల్లా లాంటి మొక్కల్లో ఆ తిరుగుడు అన్నివేళలా ఉండదు. గట్టి వెలుతురు పడినా, గాయం తగిలినా మొదలవుతుంది. ఆకుని గిల్లింది మనమే కదా. కాబట్టి "కణం సహజంగా ఇలా ఉంటుంది" అని చూపించే ఆ వీడియోల్లో సగం, దెబ్బ తిన్నానని కణం చెబుతున్న జవాబేమో అని నా అనుమానం.

కారా: అసలు పని

కారా వరి చేలల్లో నిలిచిన నీళ్లలో పెరిగే నాచు. చూడ్డానికి చిన్న మొక్కలా కణుపులు, కణుపుల దగ్గర చుట్టూ కొమ్మలు ఉంటాయి. చేతితో నలిపితే వెల్లుల్లి కలిసిన నీచు వాసన కొడుతుంది, గుర్తుపట్టడానికి అది చాలు. రైతులు దీన్ని మైలతుత్తంతో చంపుతారు. అందుకని మందు పడని మడి వెతుక్కోవాలి. నేను గట్టు మీద కూర్చుని సీసాలోకి ఎత్తుతుంటే ఆ చేను కౌలు చేసే పెద్దాయన వచ్చి చూశాడు.

"ఆ పాచి ఎందుకండీ మీకు?"

"ఇంట్లో అద్దాల్లో చూడ్డానికి బాబాయ్."

"అయితే బస్తా పట్టుకెళ్లండి, మాకు పీడ విరగడవుద్ది."

దీని గొప్పతనమల్లా ఇది: రెండు కణుపుల మధ్య ఉన్న కాడ మొత్తం ఒక్కటే కణం. నాకు దొరికిన వాటిలో 3, 4 సెంటీమీటర్లవి ఉన్నాయి, అంటే మైక్రోస్కోప్ లేకుండా చేత్తో పట్టుకోగలిగిన కణం. కొన్ని రకాల కాడ పైన సన్న కణాల తొడుగు ఉండి, సున్నం పేరుకుని గరుకుగా ఉంటుంది, లోపల ఏమీ కనపడదు. నున్నగా, అద్దంలా ఉన్నవే ఏరుకోండి.

తయారీ విషయంలో తొందర పనికిరాదు. చిన్న కత్తెరతో కణుపుకి అవతల కత్తిరించాలి, కణం మీద కత్తెర పడకూడదు. తెచ్చిన చేను నీళ్లనే పాత కాటన్ గుడ్డలో వడకట్టి, కత్తిరించిన కణాన్ని అందులో కనీసం ఒక రాత్రి వదిలేయాలి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు వద్దు. ఆర్వో నీళ్లు కూడా వద్దు, వాటిలో కాల్షియం దాదాపు ఉండదు, ఈ కథంతా కాల్షియం మీదే నడుస్తుంది.

స్లైడ్ మీద కణాన్ని పొడుగ్గా పరిచి, ఒక కొస వైపు మాత్రమే కవర్‌స్లిప్ వేశాను. కణం నలగకుండా కవర్‌స్లిప్ కింద రెండు పక్కలా వేజలిన్ గట్టు కట్టాను. రెండో కొస బయటే తడిగా ఉంటుంది. కవర్‌స్లిప్ కింద ఉన్న చోట 40తో చూస్తూ, సెంటీమీటరున్నర అవతల ఉన్న కొసని టూత్‌పిక్ మొనతో తట్టడం ప్లాను.

తట్టకముందు కనిపించేది ఇది. హరితరేణువులు గోడకి అంటుకుని వరసల్లో కదలకుండా ఉంటాయి. వాటి వెనక రంగులేని రేణువులు, ముద్దలు ఒకే దిక్కుకి పారుతుంటాయి. కణం మీద ఒకచోట హరితరేణువులు లేని తెల్లటి గీత ఉంటుంది. దానికి ఇటు పక్కన పైకి, అటు పక్కన కిందికి, గిలక మీద చేంతాడు పోయినట్టు పోతుంది. 0.45 మి.మీ. దాటడానికి 7 సెకన్లు, అంటే సెకనుకి 64 మైక్రాన్లు. హైడ్రిల్లాకి పది రెట్ల పైమాటే. ఇటలీలో బోనావెంతూరా కోర్తి 1774లో మొదటిసారి చూసిన కణద్రవ్య ప్రవాహం ఇదే.

దాన్ని నడిపేది ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగుల మీద నడిచే మయోసిన్ అనే ఇంకో ప్రోటీన్, దానికి ఇంధనం ఏటీపీ. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వేరు చేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది మా భీమవరంలోనే. ఊరివాణ్ని కదా, ఈ ముక్క రాయకుండా ఉండలేకపోయాను.

ఇక తట్టాను. ఒకటి రెండు సెకన్లలోపే పారుతున్నదంతా ఆగిపోయింది. మెల్లబడి ఆగడం కాదు, బ్రేకు పడ్డట్టే. ముద్దలు ఎక్కడివక్కడ నిలబడ్డాయి, చిన్న రేణువులు ఉన్నచోటే సన్నగా వణుకుతూ ఉన్నాయి. కాసేపటికి ఒక ముద్ద జానెడు కదిలినట్టు కదిలి ఆగింది. పక్కది కదిలింది. తర్వాత అంతా కలిసి బద్ధకంగా మొదలైంది. ఐదు నిమిషాల తర్వాత కొలిస్తే అదే దూరానికి 12 సెకన్లు పట్టింది, అంటే సెకనుకి 37 మైక్రాన్లే. పూర్తి వేగం రావడానికి ఇంకాస్త సేపు పట్టింది.

స్లైడ్ అదరడం వల్ల ఆగిందేమో అన్న అనుమానం రావడం సహజం. అందుకే కణానికి తగలకుండా పక్కన గాజు మీద అంతే గట్టిగా తట్టి చూశాను, ప్రవాహం ఆగలేదు. కణాన్ని మరీ సుతారంగా తాకితే కూడా ఆగలేదు. ఒక హద్దు దాటితే మాత్రం పూర్తిగా ఆగుతుంది, సగం ఆగడమంటూ లేదు. ఈ "అయితే పూర్తిగా, లేకపోతే అసలు లేదు" అన్న పద్ధతి మన నరాలదే.

నిజంగానే రెండూ చుట్టాలు. తట్టగానే కణద్రవ్యంలో కాల్షియం పెరుగుతుంది. దానితో క్లోరైడ్ ద్వారాలు తెరుచుకుని క్లోరైడ్ బయటికి పోతుంది, పొరకి అటూ ఇటూ ఉన్న విద్యుత్ తేడా పడిపోతుంది. తర్వాత పొటాషియం బయటికి పోయి దాన్ని మళ్లీ నిలబెడుతుంది. నరంలో ఆ మొదటి పని సోడియం లోపలికి రావడంతో జరుగుతుంది. నరానికి మిల్లీసెకన్లు చాలు, కారాకి సెకన్లు పడుతుంది. ఈ అల కణం పొడుగునా పరుగెత్తుతుంది, పెరిగిన కాల్షియం మయోసిన్‌ని ఆపేస్తుంది. కోల్, కర్టిస్ అనే ఇద్దరు 1938లో ఈ అల వెళ్లేటప్పుడు పొర విద్యుత్ నిరోధం పడిపోవడాన్ని కారాకి చుట్టమైన నైటెల్లా మీద కొలిచాకే, 1939లో స్క్విడ్ నరం మీద అదే కొలత చూపించారు. నరాల శాస్త్రం చెరువు నాచు దగ్గర ఆగి వచ్చిందన్న సంగతి తెలిసి నాకు భలే సంతోషం వేసింది.

ఒకసారి తట్టాక అదే కణాన్ని వెంటనే మళ్లీ వాడకండి, కనీసం అరగంట ఆగండి. ఏసీ గదిలో చేస్తే ప్రవాహం మందగిస్తుంది, వేగాలు పోల్చాలంటే గది వేడి కూడా రాసుకోవాలి.

ఇంకా తేలనిది

ఇప్పటిదాకా చూసింది ఒకే కణంలో ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లిన కబురు. పక్క కణానికి వెళ్తుందా అన్నదే అసలు ప్రశ్న. దానికి మధ్యలో కణుపు ఉన్న రెండు కాడల జంట కావాలి. కణుపులో ఉన్న చిన్న కణాలు ప్లాస్మోడెస్మేటాతో రెండు వైపులా కలిసి ఉంటాయి కాబట్టి దారైతే ఉంది. చేసిన వాటిలో కొన్నిసార్లు రెండో కణం కూడా ఆగింది, కొన్నిసార్లు ఆగలేదు. ఆగిన వాటిలో టూత్‌పిక్ తోపుకి కణుపు వంగి, రెండో కణానికి సూటిగా దెబ్బ తగిలిందేమో చెప్పలేను. ఈసారి కణుపు మీద వేజలిన్ ముద్ద పెట్టి స్లైడ్‌కి బిగించి, తట్టడానికి బదులు మొదటి కణం మీద ఐస్ నీళ్ల చుక్క వేస్తాను. కారాకి చల్లదనం కూడా తట్టినట్టే లెక్క. వేజలిన్ గట్టు ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు రెండో వైపుకి పోవు.

కోతలకి ముందు చేలో నీళ్లు తీసేస్తారు. అందుకని కావలసిన నాచు ఇప్పుడే తెచ్చి పెద్ద ఊరగాయ జాడీల్లో, గాజువే, అడుగున రెండు వేళ్ల మందం చేను మట్టి వేసి, ఎండ సూటిగా తగలని ఉత్తరం కిటికీలో పెట్టాను. మొదటి రెండు రోజులు నీళ్లు బురదగా ఉన్నాయి, తర్వాత తేరుకున్నాయి. రెండు జాడీల్లో కొత్త చిగుళ్లు వచ్చాయి. మూడోదాంట్లో నత్తలు దూరి చిగుళ్లు కొరికేస్తున్నాయి, వాటిని ఏరేయాలి.