సృష్టి స్తంభాలకు ఆ రంగులు ఎలా వచ్చాయి?

హబుల్ టెలిస్కోపు 1995 ఏప్రిల్ 1న తీసిన ‘సృష్టి స్తంభాలు’ చిత్రాన్ని ఎవరికి చూపించినా, ఆకాశంలో నిజంగా ఈ రంగులే ఉన్నాయా అని అడుగుతారు. లేవంటే చాలామందికి ఉత్సాహం చప్పబడిపోతుంది. నాకు మాత్రం ఆ రంగులు ఎలా వచ్చాయో తెలిశాకే ఆ చిత్రం మీద ఇష్టం పెరిగింది.

సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో, ఈగిల్ నీహారికలో ఉన్న ఆ వాయు ధూళి స్తంభాలను జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు వేర్వేరు ఫిల్టర్లతో, నలుపు తెలుపుల్లోనే తీయించారు. ఒక ఫిల్టరు గంధకం వెలువరించే కాంతిని, మరొకటి హైడ్రోజన్ కాంతిని, ఇంకొకటి ఆక్సిజన్ కాంతిని మాత్రమే రానిస్తుంది. గంధకం కాంతి తరంగదైర్ఘ్యం 673 నానోమీటర్లు, హైడ్రోజన్‌ది 656. రెండూ మన కంటికి ఎరుపే కాబట్టి, ఉన్నదున్నట్టు చూపిస్తే దేని జాడ ఎక్కడుందో తెలియకుండా కలిసిపోతాయి. అందుకే తరంగదైర్ఘ్యాల వరుస తప్పకుండా గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, అన్నిటికంటే పొట్టి తరంగమైన ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు.

ఇప్పుడు స్తంభం అంచును దగ్గరగా చూడండి. సమీపంలోని వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతి తాకి, అక్కడి వాయువు పొగలా లేచిపోతూ ఉంటుంది. అంచును ఆనుకుని గంధకం కాంతి, దూరం జరిగేకొద్దీ ఆక్సిజన్ కాంతి బలపడతాయి; కంటికి ఇంపుగా కనిపించే ఆ రంగుల మార్పు, తీవ్రమైన కాంతి ఎంతవరకు చొచ్చుకువచ్చిందో చెప్పే పటం కూడా.

ఆ చిత్రంలో ఒక మూల మెట్లమెట్లుగా నల్లగా ఉంటుంది. కెమెరాలోని నాలుగు భాగాల్లో ఒకటి చిన్న ప్రాంతాన్ని ఎక్కువ సూక్ష్మంగా తీసేది కావడంతో, మిగతావాటి కొలతకు కుదించగానే అక్కడ ఖాళీ మిగిలింది. దాన్ని ఊహతో పూడ్చకపోవడం నాకెంతో గౌరవం కలిగిస్తుంది.

2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అవే స్తంభాలను మన కంటికి అందని పరారుణ కాంతిలో తీసింది. టెలిస్కోపు పంపే సమాచారం మొదట దాదాపు చీకటిగా ఉంటుంది. ఆ సమాచారాన్ని చిత్రాలుగా తీర్చిదిద్దే జోసెఫ్ డిపాస్క్వాలే, అలిస్సా పేగన్ వంటివారు అందులోని మసక వెలుగును కంప్యూటర్ మీద పైకి తెచ్చి, అదే వరుసలో రంగులు అమరుస్తారు. పరారుణ కాంతి ధూళిని దాటి రాగలదు కాబట్టి ధూళి పలచగా కనిపించి, వెనకున్న నక్షత్రాలు వేలకొద్దీ బయటపడ్డ ఆ చిత్రంలో, స్తంభాల కొనల దగ్గర నిప్పులాంటి ఎర్రటి చారలున్నాయి. ఇంకా రూపుదిద్దుకుంటున్న నక్షత్రాలు చిమ్మే ధారలు ధూళిని ఢీకొన్న చోట్లవి. ఆ ఎరుపు కాస్త తగ్గినా చుక్కల గుంపులో మన చూపు దాన్ని దాటిపోయేది, పెరిగితే స్తంభాలనే మింగేసేది.