టొరంటోలో స్టాన్లీ కప్పు దర్శనం

టొరంటోలో యంగ్, ఫ్రంట్ వీధులు కలిసే మూలన 1885లో కట్టిన పాత బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ భవనం ఉంది. మంచు మీద ఆడే ఐస్ హాకీకి మ్యూజియమైన హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ 1993 నుంచి అక్కడే. లోపలికి వెళ్లే దారి మాత్రం పక్కనున్న బ్రూక్‌ఫీల్డ్ ప్లేస్ కింది అంతస్తు నుంచి. యూనియన్ స్టేషన్‌లో రైలు దిగి, రోడ్డెక్కకుండా నేలమాళిగ దారిలోనే నడిచి చేరుకున్నాం. జనవరి చలిలో అదెంత హాయో! తోడుగా మా చెల్లెలి కొడుకు వచ్చాడు. టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో పిల్లల జట్టుకు వాడే గోలీ, అంటే గోల్‌కీపర్.

వాడు నన్ను ముందు మాస్కుల దగ్గరికి లాక్కెళ్లాడు. ఒకప్పుడు గోలీలు ముఖానికి ఏ అడ్డూ లేకుండానే ఆడేవాళ్లు. 1930లో క్లింట్ బెనెడిక్ట్ తోలు మాస్కు పెట్టుకున్నా కొద్దిరోజులకే వదిలేశాడు. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో అవతలి జట్టు ఆటగాడు ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముఖం చీల్చింది. కుట్లు వేయించుకున్న ప్లాంట్, మాస్కు లేకపోతే మళ్లీ దిగనన్నాడు. కోచ్ టో బ్లేక్‌కు మాస్కంటే గిట్టదు. కానీ బెంచీ మీద ఇంకో గోలీ లేడు, ఒప్పుకోక తప్పలేదు. ఆ రాత్రి మాంట్రియల్ గెలిచింది. పక్ అంటే గడ్డకట్టించిన గట్టి రబ్బరు బిళ్ల. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాక ప్లాంట్ మొండితనం మీద నాకు గౌరవం పెరిగింది.

పైన గ్రేట్ హాల్. రంగుటద్దాల గోపురం కింద స్టాన్లీ కప్పు, ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చేది. కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ 1892లో ఇచ్చిన అసలు వెండి గిన్నె చిన్నది. అది ఇప్పుడు పాత బ్యాంకు ఖజానా గదిలో భద్రంగా ఉంది. విజేతల చేతికిచ్చే కప్పు దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తు, పదిహేనున్నర కిలోల బరువు. గెలిచిన జట్టులోని వాళ్ల పేర్లన్నీ దాని మీద చెక్కుతారు. మన గుళ్లలో దాతల పేర్లున్న పాలరాతి పలక ముందు నిలబడినట్టే జనం ఒక్కో పేరూ వేలితో వెతుక్కుంటున్నారు. 1972 విజేత బోస్టన్ పేరులో రెండు 'ఓ'ల చోటా 'క్యూ'లు పడ్డాయి. దిద్దకుండా అలాగే ఉంచేశారు. 1984లో ఎడ్మంటన్ యజమాని తన తండ్రి పేరు ఎక్కించాడు. అర్హత లేదని దాని మీద వరుసగా ఎక్స్‌లు కొట్టించారు. 1919లో ఫ్లూ మహమ్మారితో ఫైనల్ ఆగిపోయింది, 2005లో యజమానులకూ ఆటగాళ్లకూ తగవొచ్చి సీజనే జరగలేదు. ఆ రెండు సంగతులూ కప్పు మీదే రాసి ఉన్నాయి. దాచుకోకపోవడం నాకు చాలా నచ్చింది.

నన్ను బాధపెట్టిందీ ఒకటుంది. కప్పు కింది భాగంలో అయిదు పట్టీలు, ఒక్కోదానిలో 13 ఏళ్ల విజేతలకు చోటు. అన్నీ నిండితే అన్నిటికంటే పాతదాన్ని ఊడదీసి ఖజానాలో పెట్టి, అడుగున ఖాళీది బిగిస్తారు. అలా 2018లో మారిస్ రిచర్డ్, గోర్డీ హో వంటి దిగ్గజాల పేర్లు కప్పు దిగిపోయాయి. ఎత్తు పెరిగిపోతే మోయలేరు నిజమే, అయినా మనసొప్పదు.

అక్కడ కప్పును ఎవరైనా ముట్టుకోవచ్చు. నేను రెండు చేతులూ ఆనించాను. వాడు మాత్రం చేతులు జేబుల్లోంచి తీయలేదు. "నువ్వు పట్టుకో మామయ్యా, నేను ముట్టను. గెలవకముందే ముట్టుకుంటే ఎప్పటికీ గెలవరు" అన్నాడు. పెద్ద ఆటగాళ్లూ ఈ పట్టింపు పాటిస్తారట. గెలిచాక మాత్రం కప్పు ఒక్కొక్కరి దగ్గర ఒకరోజు ఉంటుంది, సొంతూరికి తీసుకెళ్లొచ్చు. తెల్ల చేతితొడుగులు వేసుకున్న సంరక్షకుడు వెంట ఉంటాడు.

ఆ సాయంత్రమే బ్రాంప్టన్‌లో వాడి మ్యాచ్. గాజుగోడ వెనక తల్లిదండ్రుల్లో సగం మంది పంజాబీలు. హాకీకి 2008 నుంచి పంజాబీ వ్యాఖ్యానం కూడా ఉందని వాళ్లే చెప్పారు. మావాడి జట్టు ఓడింది. ఆట ముగియగానే రెండు జట్లూ వరుసకట్టి ఎదురెదురుగా జారుతూ, ఒక్కరినీ వదలకుండా చేతులు కలుపుకున్నాయి. సీజన్ చివర్లో కప్పు కోసం ఆడే ప్లేఆఫ్ సిరీస్ ముగిశాక పెద్దవాళ్లు చేసేదీ ఇదే. కారెక్కాక, అవతలి గోలీ ఏమన్నాడురా అని అడిగాను. "రెండో పీరియడ్‌లో కుడి కాలితో ఆపావు చూడు, అది బాగుంది అన్నాడు" అంటూ, ఆ కాలు ఎలా చాపాడో సీట్లోనే చేసి చూపించాడు.