చర్చి విశ్వవిద్యాలయంలో సీటా? డబ్బు కట్టే ముందు ఇవి చూడండి

ఇంటర్ ఫలితాలు రాగానే ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వరండాలో కరపత్రాలు పంచడం మొదలవుతుంది. క్రైస్తవ విశ్వవిద్యాలయం, క్రమశిక్షణ, ఆడపిల్లలకు వేరే హాస్టల్. టెక్కలి, పాలకొండ, బొబ్బిలి లాంటి పాత బాప్టిస్టు సంఘాలున్న చోట్ల పాస్టరు గారు ఒక్క మాట చెబితే చాలు, అడ్వాన్సు కట్టేస్తారు. ఆయన మంచి కోరే చెబుతారు. కానీ డిగ్రీ చెల్లుతుందో లేదో తేల్చేది చట్టం.

1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం పార్లమెంటు గానీ శాసనసభ గానీ చట్టం చేసి పెట్టిన విశ్వవిద్యాలయమో, విశ్వవిద్యాలయంతో సమానమని గుర్తించే డీమ్డ్ హోదా ఉన్నదో మాత్రమే డిగ్రీ ఇవ్వాలి. బెంగళూరు క్రైస్ట్‌నే తీసుకోండి. సీఎంఐ అనే కథోలిక సభ ఫాదర్లు 1969లో కాలేజీగా పెట్టారు, 2008లో డీమ్డ్ అయింది. పాస్టర్లయ్యేవాళ్ల చదువుకు పేరున్న సెరాంపూర్‌కు 1827 నాటి డెన్మార్క్ రాజు చార్టరు, దానిపైన 1918 నాటి బెంగాల్ చట్టం ఉన్నాయి. ఏ సంస్థనైనా ఇలా ఏ చట్టం, ఏ సంవత్సరం అని అడగండి. 'అంతర్జాతీయ గుర్తింపు ఉందండీ' అన్న జవాబొస్తే లేచి వచ్చేయడమే. యూజీసీ 2023లో ప్రకటించిన నకిలీల జాబితాలో మన రాష్ట్రానివి రెండున్నాయి: గుంటూరు క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ, విశాఖ బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా. రెండింటి పేర్లూ ఎంత భక్తిగా ఉన్నాయో చూడండి. (సువార్త సభల ఫ్లెక్సీల మీద పేరు ముందు కనిపించే 'డా.'లు ఎక్కడివో అడగడం ఎలాగూ మర్యాద కాదు.)

స్టడీ సెంటర్ల సంగతి వేరు. పొరుగు రాష్ట్రపు ప్రైవేటు విశ్వవిద్యాలయం శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మేడ మీద రెండు గదులు తీసుకుని తరగతులు పెడితే ఆ డిగ్రీ నిలవదు. రాష్ట్ర చట్టం సరిహద్దు దాటదని 2005లోనే ఛత్తీస్‌గఢ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక అసలు చిక్కు క్రైస్తవ కోటాతో. మైనారిటీ సంస్థలకు రాజ్యాంగం 15(5) అధికరణం కింద మినహాయింపు ఉంది కాబట్టి ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ అక్కడ తప్పనిసరి కాదు. బదులుగా క్రైస్తవ పిల్లలకు సీట్లుంటాయి. వాటికి కథోలికులైతే జ్ఞానస్నాన పత్రం, విచారణ గురువు (స్థానిక చర్చి ఫాదరు) ఉత్తరం అడుగుతారు. బాప్టిస్టుల్లో పదిహేడేళ్ల పిల్లకు ఇంకా బాప్తిస్మమే అయి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు తల్లిదండ్రుల సంఘ సభ్యత్వ పత్రం ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి. స్నాన పత్రంలో జోసెఫ్, పదో తరగతి మెమోలో అప్పలరాజు అని ఉంటే, ఇద్దరూ ఒకరేనని ఉత్తరంలోనే రాయించుకోండి. కౌంటరు దగ్గర ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

ఎస్సీ కుటుంబాలు ఇంకో అడుగు ముందే ఆలోచించాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. క్రైస్తవులైన ఎస్సీలు మన దగ్గర బీసీల్లో సి విభాగం (బీసీ-సి) కిందికి వస్తారు, ఆ కోటా 1 శాతం. ఇంట్లో ఎస్సీ సర్టిఫికెట్టు ఉండగా కాలేజీకి బాప్తిస్మ పత్రం ఇస్తే, రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదకు రావచ్చు. పుదుచ్చేరిలో ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్టు అడిగిన ఒక క్రైస్తవ మహిళకు 2024 నవంబరులో సుప్రీంకోర్టు కాదంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు సవరలకు, జాతాపులకు ఈ బెడద లేదు. ఎస్టీ హోదాకు మతంతో పని లేదు.

ఫీజు రీయింబర్స్‌మెంటు విషయం కాలేజీవాళ్ల నోటిమాటగా వినకండి, మీ ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును అడగండి. విద్యారుణం 4 లక్షల వరకూ మార్జిన్ (మన వాటాగా పెట్టాల్సిన డబ్బు) లేకుండా, 7.5 లక్షల వరకూ ఆస్తి తనఖా లేకుండా వస్తుంది.

చేరాక మానేస్తే ఎంత వెనక్కొస్తుంది? 2018 యూజీసీ ఉత్తర్వు ప్రకారం, ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులో అంతకంటే ఎక్కువో ముందు మానుకుంటే మొత్తం ఫీజు ఇవ్వాలి. 5 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా, పట్టుకోవచ్చు. ఆ 15 రోజుల లోపలైతే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లో 80, ఆ తర్వాత 30వ రోజు వరకు 50, అటుపైన ఏమీ రాదు. మానేస్తున్నట్టు ఫోన్లో చెప్పి ఊరుకోకండి, తేదీ పడేలా ఈమెయిలు పెట్టండి. ఒరిజినల్ మెమోలను చేరిన రోజే సరిచూసి తిరిగి ఇచ్చేయాలి, దగ్గర ఉంచుకునే హక్కు ఏ సంస్థకూ లేదు.